వాసన రిజిస్టరు

"గాలిని కాపాడుకుందాం" అని రాసిన ఫ్లెక్సీని, మీటింగు అయిపోగానే, మా గ్రామపంచాయతీ వెనక తిన్న ప్లేట్లతో కలిపి కాల్చేశారు. కాల్చింది ఎవరో కాదు, మీటింగులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన వార్డు మెంబరే. నల్లటి పొగ లేచి, అప్పటికింకా జీపెక్కని పెద్దసార్ల మీదుగా పోయింది. వాళ్లలో ఒకాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏంటమ్మా ఈ వాసన, కంపెనీదేనా?" అని నన్ను అడిగాడు. కాదు సార్, మీ బ్యానరుదే అని చెప్పాను. ఆయన నవ్వలేదు.

మాది చిట్యాల దగ్గర ఊరు. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్ల సంగతి ఇది. ఊరికి పడమర దిక్కున ఒక మందుల కంపెనీ ఉండేది, ఇప్పుడూ ఉంది. అక్కడ తయారయ్యే గోలీలు ఏ దేశంలో ఎవరి రోగం తగ్గిస్తాయో నాకు తెలియదు. మా ఊరికి మాత్రం వాసన వచ్చేది. మిగతా కాలమంతా గాలి దాన్ని ఎటో తీసుకుపోయేది గానీ వేసవిలో తెల్లవారుజామున ఆకు కూడా కదలదు. సరిగ్గా ఆ వేళ చూసుకునే కంపెనీవాళ్లు పొగ గొట్టాలు తెరిచేవాళ్లు. జనం లేచేలోపు పని అయిపోతుందని వాళ్ల తెలివి. పల్లెటూళ్లలో జనం ఎన్ని గంటలకు లేస్తారో కూడా తెలియని తెలివి.

కంపెనీని ఒక్కదాన్నే తిడితే అన్యాయం. వేసవిలో చేతికొచ్చే యాసంగి వరిని మిషన్లతో కోయడం మొదలైనప్పటి నుంచి పొలాల్లో కొయ్యకాళ్లు మోకాలెత్తున మిగిలిపోతున్నాయి. వాటిని దున్నడానికి మా రైతులకు ఓపిక లేదు. సాయంత్రం అగ్గిపుల్ల గీసి ఇంటికి వచ్చి తలుపేసుకుంటారు. ఆ పొగ రాత్రంతా ఊరి మీద పరుచుకుని, పొద్దున కంపెనీ పొగతో కలిసి, సూర్యుడు బారెడు ఎక్కేదాకా దుప్పటిలా ఉండేది. అడిగితే రైతులు కంపెనీ వైపు చూపించేవాళ్లు, కంపెనీవాళ్లు రైతుల వైపు చూపించేవాళ్లు. రెండు వైపులా చూపించే వేళ్లకు మాత్రం కొరత లేదు.

ఈ పొగ అందరికీ చికాకు. మా బాపుకు మాత్రం ప్రాణం మీది సంగతి. ఆయనకు అరవై దాటాయి, నలభై గొర్లున్నాయి. అంతకు ముందటి వేసవిలో దమ్ము లేచి చిట్యాలలో డాక్టరుకు చూపిస్తే, ఇంకో రెండు ఎండాకాలాలు ఈ పొగ పీలిస్తే తన చేతిలో ఏమీ ఉండదని ఆయన మొహం మీదే చెప్పాడు. ఎండాకాలం రెండు నెలలు మనిషిని ఊరు మార్చమన్నాడు. ఎట్లా మారుస్తాం? రైతులు పొలాల్లో మంద పెట్టించుకునేది ఆ రెండు నెలల్లోనే. గొర్లను రాత్రిళ్లు పొలంలో ఆపితే వాటి పెంట భూమికి ఎరువు అవుతుంది. మంద దగ్గర మనిషి పడుకోవాలి. అంటే పొగ ఎక్కడ దట్టంగా ఉంటుందో మా బాపు పక్క కూడా అక్కడే.

ఆయన ముక్కు మా ఊళ్లో అందరికంటే మంచిది. పొద్దున మంద లేపుకుని వచ్చేటప్పుడే చెప్పేవాడు. "ఇయ్యాల మురిగిన గుడ్ల వాసనొచ్చింది. నిన్న మాగిన అరటిపండు లెక్క వచ్చింది. గా తీపి వాసన వచ్చిన నాడే గొర్లు మూతి కింద పెట్టవు బిడ్డా." ఏ వాసన ఎంతసేపు ఉందో, గాలి ఎటునుంచి జరిగిందో, ఎంతమంది నిలబెట్టి అడిగినా ఒకే మాట చెప్పేవాడు. కాలుష్యం ఆఫీసుకు కావలసిన మిషను అంటే ఆయనే. కాకపోతే ఆయనకు మూతి మీద మీసం, భుజాన గొంగడి ఉండేవి. అటువంటి మిషన్లను ఆఫీసులు నమ్మవు.

ఫ్లెక్సీ కాలిన రోజున నన్ను వాసన గురించి అడిగిన ఆ సారే కాలుష్యం ఆఫీసు ఇంజనీరు. జీపెక్కబోతూ ఆగి, నా చేతిలో ఒక పెద్ద రిజిస్టరు పెట్టాడు. ఊరికి మేట్ నువ్వే కదా, నీకు రాయడం అలవాటే కదా అన్నాడు. ఉపాధి హామీ పనిలో కూలీలను పనికి పెట్టి, వాళ్ల హాజరు రాసే మనిషిని మేట్ అంటారు. పది పాసయ్యాను కాబట్టి ఆ ఉద్యోగం నాకు దక్కింది. రిజిస్టరులో గడులు ముందే కొట్టించి ఉన్నాయి. తేదీ, సమయం, వాసన ఏ రకం, గాలి ఏ దిక్కు, పేరు, సంతకం. "నెల రోజులు రోజూ రాయించు. సాక్ష్యం గట్టిగా ఉంటే, ఎండాకాలంలో తెల్లవారుజామున గొట్టాలు తెరవకూడదని ఆర్డరు వేయిస్తాను," అన్నాడు.

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆర్డరు వస్తే బాపు మంద దగ్గర పడుకోవచ్చు, ఊపిరీ తీసుకోవచ్చు. కొయ్యకాళ్ల సంగతి రైతుల కాళ్లు పట్టుకునైనా నేను చూసుకుంటాననుకున్నాను.

మొదటి మూడు రోజులు నిజాయితీగానే చేశాను. చీకటుండగానే లేచి, చెంగు ముక్కుకు చుట్టుకుని, రిజిస్టరు చంకన పెట్టుకుని గడప గడపకూ తిరిగాను. మూడో రోజుకే జనానికి నన్ను చూస్తే విసుగు పుట్టింది. "అదే కంపెనీ, అదే కంపు. దినాం రాసుడేందే? పదిహేను దినాలయి ఒక్కపారే ఏయించుకోరాదు?" అంది మా ఎదురింటి ఆడమనిషి, పళ్లు తోముకుంటూ.

ఈ మాట విని నాకు కోపం రావాలి. రాలేదు. పైగా, నిజమే కదా అనిపించింది. ఎందుకంటే మేం ఉపాధి పనిలో చేసేది అదే. హాజరు కాగితం వారానికొకటి. రోజూ సంతకాలు పెట్టిస్తూ కూర్చుంటే తట్ట ఎవరు ఎత్తుతారు? సోమవారం నాడే అందరి వేళ్లూ ఇంకులో ముంచి వారం గడులు నింపేసేదాన్ని. గడి ఖాళీగా ఉంటే కూలి ఆగుతుందని ఆఫీసువాళ్లే మాకు నేర్పారు. ఏళ్ల తరబడి నేను నేర్చుకున్న చదువంతా ఒక్కటే, గడి ఖాళీగా ఉండకూడదు. పనికి రాని మనిషి గడీ నిండే ఉండేది, వచ్చి చెట్టు కింద పడుకున్న మనిషి గడీ నిండే ఉండేది. పైనుంచి ఎవరూ ఒక్కమాట అనలేదు, మెచ్చుకున్నారు కూడా.

నాలుగో రోజు పొద్దున పని దగ్గరికి రిజిస్టరు తీసుకుపోయాను. తవ్విన మట్టిగడ్డ మీద పరిచి, మిగిలిన నెలంతా ఒక్క పూటలో నింపేశాను. వాసన ఏ రకం అన్న గడిలో మొదటివాడు మురిగిన గుడ్లు అన్నాడు. అతని కింద ఉన్నవాళ్లందరూ "నాది గూడ గదే" అన్నారు. నేను "పైదే" అని రాసుకుంటూ పోయాను. తగ్గని జలుబుతో ముప్పై ఏళ్లుగా ఏ వాసనా తెలియని ఒక ముసలామెకూ పైదే. వారంలో ఆరు రోజులు హైదరాబాదులో ఆటో నడుపుకునే ఆమె కొడుక్కూ పైదే. గాలి దిక్కు అన్ని రోజులూ పడమరే. నెలంతా గాలికి వేరే పనే లేనట్టు.

బాపు ఆ రోజు మందతో అటుగా వస్తే కేకేసి పిలిచాను. ఆయన ఇంకు డబ్బీ వైపు, రిజిస్టరు వైపు మార్చి మార్చి చూశాడు.

"గివన్ని ఏ దినాలయి బిడ్డా?"

"నెలాఖరు దాంక, బాపూ."

"వాసన రాకముందే వచ్చిందని ఏలెట్ల ఏస్త?"

"అందరేసిండ్రు. నీదొక్కటే ఖాళీ ఉన్నది. ఖాళీ ఉంటే సార్లు ఒప్పుకోరు."

"రేపు వేరే వాసనొస్తెనో?"

"ఏ వాసనైతేంది బాపూ, కంపు కంపే కదా. జర జల్దీ ఏయి, అవతల పనున్నది."

నేను మేట్‌ను. ఊళ్లో నలుగురికి చెప్పేదాన్ని. కన్నబిడ్డ అంత గట్టిగా చెబుతుంటే తనకే ఏదో తెలియదని అనుకున్నాడు పాపం. నేను వేలు పట్టుకుని ఒక్కొక్క గడిలో ఆనించుకుంటూ పోయాను. అయిపోయాక వేలు గొంగడికి తుడుచుకుని గొర్ల వెనక వెళ్లిపోయాడు.

తర్వాత పది రోజులకు ఒక పొద్దున, బాపు మంద ఆపిన పొలానికి పక్క పొలంవాడు కొయ్యకాళ్లకు నిప్పు పెట్టి పోయాడు. అటు కంపెనీ పొగ కిందికి దిగింది. గొర్లు అరుస్తుంటే పక్క బావి దగ్గరివాళ్లు వెళ్లి చూశారు. బాపు మోకాళ్ల మీద కూర్చుని, నోరు తెరిచి, గాలి అందక కొట్టుకుంటున్నాడట. ఆటోలో వేసుకుని నల్లగొండ దవాఖానకు ఉరికాం. దారి పొడవునా ఆయన నా మోచెయ్యి వదల్లేదు. మొహానికి మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టించాక మధ్యాహ్నానికి గానీ కళ్లు నిలవలేదు. నాలుగు రోజులు అక్కడే ఉంచారు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. పోతాడనే అనుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు దవాఖానవాళ్లు ఒక కాగితం ఇచ్చారు. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు పోతున్నాడు, పొగ వల్ల దమ్ము ముదిరింది అని డాక్టరు తన చేత్తో రాసిన కాగితం. దాన్ని చూసి నేను పొంగిపోయాను. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంటికి రాగానే రిజిస్టరు మొదటి పేజీకి ఆ కాగితాన్ని గుండుసూదితో గుచ్చాను. ఆ రిజిస్టరులో ఏముందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా నాకు తట్టలేదు. గడులు నింపడం వచ్చినవాళ్లకు గడుల్లో ఏముందో చదవడం రానక్కరలేదు కదా.

మండలాఫీసులో విచారణ పెట్టారు. గాలి గురించిన విచారణ కాబట్టి కిటికీలన్నీ బిగించి ఏసీ వేశారు. ఇంజనీరు సారు నడుమ కూర్చున్నాడు. ఒక పక్క మేం పదిమందిమి, ఇంకో పక్క కంపెనీ మేనేజరు. కుర్రవాడు, ఇస్త్రీ నలగని చొక్కా. మాకందరికీ మజ్జిగ ప్యాకెట్లు తానే పంచాడు. మావాళ్లు తాగారు, ఒకరిద్దరు రెండోది అడిగి తాగారు. ఊరిని ఉద్ధరించడానికి ఎండలో వచ్చాం మరి.

నేను లేచి రిజిస్టరు టేబుల్ మీద పెట్టి, ఒక్క రోజు కూడా తప్పలేదు సార్, ఒక్క గడి కూడా ఖాళీ లేదు సార్ అన్నాను. గొంతులో గర్వం నాకే వినిపించింది. మేనేజరు రిజిస్టరు అడిగి తీసుకుని నిదానంగా పేజీలు తిప్పాడు. ఎక్కడా మొహం చిట్లించలేదు. చివరికి గుండుసూది తీసి, దవాఖాన కాగితాన్ని ఒక పేజీ పక్కన పెట్టి, రెండింటినీ సారు ముందుకు జరిపాడు.

"సార్, ఈ పెద్దాయన ఈ నాలుగు రోజులు నల్లగొండ దవాఖానలో ఉన్నాడని వీళ్ల కాగితమే చెప్తోంది. ఇవే నాలుగు రోజులు పొద్దున్నే ఊళ్లో ఉండి మా వాసన చూశాడని వీళ్ల రిజిస్టరు చెప్తోంది. మిగతా సంతకాలు కూడా ఇట్లాంటివే అయితే..." అని ఆపేశాడు. ఆపై చెప్పాల్సిన పని కూడా లేదు.

ఇంజనీరు సారు బాపును లేవమన్నాడు. బాపు గొంగడి సవరించుకుని లేచాడు.

"ఈ వేలు నీదేనా?"

"నాదే సారూ."

"ఆ రోజుల్లో ఎక్కడున్నావు?"

"దవాఖానల."

"మరి వేలు ఎట్లా పడింది?"

"ముందుగాల్నే ఏసిన సారూ."

"వాసన రాకముందేనా?"

"ఔ."

ఎవరో నవ్వారు. కంపెనీ వైపు నుంచి కాదు, మా వైపు నుంచే. పైదే అని వేళ్లేసిన వాళ్లలో ఒకడు.

"ఎవరు వేయించారు?" అని అడిగాడు సారు.

బాపు నా వైపు చూడలేదు. చూస్తే సారు కూడా చూస్తాడని ఆయనకు తెలుసు. నేల వైపు చూస్తూ, "ఎవలు ఏపియ్యలే. తెల్వక నేనే ఏసిన," అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. సర్పంచుతో, వార్డు మెంబరుతో, ఆఫీసర్లతో మొహమ్మీద కొట్టినట్టు మాట్లాడతానని ఊళ్లో పేరున్నదాన్ని. నోరు తెరిచి, నేనే వేయించాను సార్ అంటే సరిపోయేది. అనలేదు. మేట్ పని పోతుందని భయపడ్డాను. హాజరు కాగితాలు కూడా తీస్తారని భయపడ్డాను. చేతిలో మజ్జిగ ప్యాకెట్టు పట్టుకుని కూర్చున్నాను. అంతకంటే నీచమైన పని నేను జన్మలో చేయలేదు.

ఆర్డరు రాలేదు. ఫిర్యాదుకు ఆధారం లేదని రాసి ఫైలు మూసేశారు. ఆ వేసవి పొడుగునా కంపెనీ గొట్టాలు ఎప్పటిలాగే తెరిచారు, రైతులు ఎప్పటిలాగే అగ్గిపుల్లలు గీశారు. మా ఊరివాళ్లు నన్ను తిట్టుకున్నారు, ఆ తర్వాత ఆ కంపెనీలోనే తమ పిల్లలకు పని కావాలని సర్పంచు వెంట తిరిగారు. బాపు ఇరవై గొర్లు అమ్మేశాడు. ఈ సంగతి మీద ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వాసన గురించి చెప్పడం మాత్రం మానేశాడు. పొద్దున మందతో వచ్చి, దగ్గుకుని, నీళ్లు తాగి, ఊరుకునేవాడు. నేనే ఉండబట్టలేక, ఇయ్యాల ఏం వాసనొచ్చింది బాపూ అని అడిగితే, "ఏమో," అనేవాడు.

మరుసటి వేసవిలో కాలుష్యం ఆఫీసు నుంచి ఒక వ్యాను వచ్చింది. ఈసారి కొత్త సారు, కొంచెం వయసు మళ్లినవాడు. ఆయన పాత ఫైలు చూడలేదని మాటల్లోనే తెలిసింది. రాత్రే ఊళ్లో దిగి, చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున బయటికి వచ్చి, దారిలో కనిపించిన మనుషులనే ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. మనిషంటే అట్లా ఉండాలి. ఆ పొద్దు తీపి వాసన ఎంత గట్టిగా ఉందంటే, నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. సారు కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. బాపు మిగిలిన గొర్లను తోలుకుని దగ్గుతూ ఎదురొచ్చాడు. గొర్లు ఒక్కటీ మూతి దించడం లేదు.

"పెద్దాయనా, మీరు రోజూ ఈ గాలిలోనే తిరుగుతారు కదా. ఏదైనా వాసన వస్తోందా?" అని అడిగాడు సారు, పెన్ను తీసి.

బాపు దగ్గు ఆగేదాకా కర్ర మీద వంగి నిలబడ్డాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"లేదు సారూ. నాకేం వస్తలేదు."

సారు నమ్మలేనట్టు ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ అదే చెప్పాడు. సారు తన పుస్తకంలో లేదు అని రాసుకున్నాడు. నేను ముందుకు వచ్చి, "సార్, ఆయనకు వస్తోంది. పోయినేడు నేనే..." అనబోయాను. బాపు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. నల్లగొండ దారిలో ఆటోలో పట్టుకున్నప్పటి బలం కూడా ఆ చేతిలో లేదు.

"ఇడువు బిడ్డా," అన్నాడు మెల్లగా. "అప్పుడు అందరి ముంగట నా మాట అబద్ధమాయె. ఇప్పుడు నేను నిజం చెప్పినా, కంపెనోళ్లు గా పాత రిజిస్టరు ముంగట పెట్టి సారు రాసిందంత అబద్ధమంటరు."

అబద్ధం చేసింది నేను. ఆయన గొర్లను అదిలించుకుంటూ ఆ వాసనలోకే నడుచుకుంటూ పోయాడు, సారు పక్క ఇంటి తలుపు కొట్టడానికి వెళ్లాడు.